సర్వే ఫారం పట్టుకునే ముందు లెక్చరర్ నేర్చుకోవాల్సింది

[తెరపై: చిత్తూరు శివార్లలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. బయట తోతాపురి లోడుతో ట్రాక్టర్ల బారు.]

నమస్కారం. ఈ వీడియో డిగ్రీ కాలేజీ లెక్చరర్ల కోసం. ముఖ్యంగా ఈ వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు మెంటార్‌గా పేరు పడినవాళ్ల కోసం.

మన రాష్ట్రంలో డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక విద్యార్థి 180 గంటలు జనంలో పనిచేయాలి. దానికి 4 క్రెడిట్లు. సర్వే, అవగాహన కార్యక్రమం, చిన్న ప్రాజెక్టు, రిపోర్టు. మంచి ఆలోచన. కానీ పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లాల్సిన మనకు ఆ పని ఎమ్మెస్సీలోనూ నేర్పలేదు, పీహెచ్‌డీలోనూ నేర్పలేదు. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌కైతే 7 రోజుల ఓరియెంటేషన్ ఉంటుంది. మెంటార్ చేతికి ఎక్కువగా అందేది ఒక సర్క్యులరూ, ఒక ఫారమూ.

[తెరపై: ఫారంలో ఒక గడి దగ్గరగా. ‘నెల ఆదాయం’.]

జూన్‌లో తోతాపురి రైతును ఈ ప్రశ్న అడిగితే ఏమంటాడు? “నెలకెంతని చెప్పేది పాపా? కాయ తోలితేనే కదా మాకు దుడ్లు.” సర్వేకొచ్చిన అమ్మాయి కాసేపు చూసి, గడిలో తోచిన అంకె ఒకటి వేస్తుంది. మందుల ఖర్చు, కోత కూలి, ట్రాక్టర్ బాడుగ, ఫ్యాక్టరీ ఇచ్చే రేటు, వీటికి ఫారంలో చోటే లేదు. 2025 సీజన్‌లో ధర పడిపోయి ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు సబ్సిడీ ఇవ్వాల్సి వచ్చింది. జిల్లా అంతా మాట్లాడుకున్న సంగతి ఆ ఫారంలోకి రాదు. తప్పు ఆ పిల్లది కాదు.

[తెరపై: రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో గీసిన 12 గళ్లు.]

ఇలా చేసి చూడండి. ఒక్కో నెలకు ఒక్కో గడి. పక్కన దోసెడు చింతగింజలు. ఏ నెలలో చేతికి డబ్బు వస్తుందో అక్కడ గింజలు పెట్టమనండి. కింది వరుస అప్పుకు. ఆ కింద కూలిపనికి, బోరు నీళ్లకు. కాసేపటికి ఆడవాళ్లు ముందుకొచ్చి గింజలు జరుపుతారు. “అప్పు జూన్‌లో పెట్టు, అప్పుడే కదా బడి ఖర్చులు” అంటుంది ఒకావిడ. కోత కూలీ ఆ నెలలోనే, ఫ్యాక్టరీ డబ్బులు మాత్రం తర్వాతెప్పుడో. అప్పు వరుసలో జూన్ గడి నిండిపోతుంది. ప్రాజెక్టు ఏం చేయాలో అక్కడే తేలుతుంది.

దీన్ని పీఆర్ఏ, అంటే పార్టిసిపేటరీ రూరల్ అప్రైజల్ అంటారు. ఊరి సంగతి ఊరివాళ్లే గీసి, లెక్కగట్టి చెప్పడం. గ్రామీణాభివృద్ధి సంస్థలు మన దేశంలో 1980ల చివరి నుంచి వాడుతున్న పద్ధతి. కాలేజీల్లోకే సరిగ్గా రాలేదు.

ఇది వీడియో చూస్తే వచ్చేది కాదు, చేసి చూడాలి. మనకు అన్నిటికంటే కష్టం నోరు మెదపకుండా కూర్చోవడం. ఎవరైనా కాస్త తటపటాయిస్తే చాలు, జవాబు మనమే అందించేస్తాం. క్లాసులో పడిన అలవాటు అది.

[తెరపై: ఎస్వీ యూనివర్సిటీ ప్రాంగణం.]

తిరుపతిలో 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ వచ్చాయి. ప్రమోషన్ కోసం మనం ఎలాగూ ఇలాంటి చోట్ల రిఫ్రెషర్ కోర్సులకు వెళ్తాం. అందులో సగం రోజులు చంద్రగిరి, ఏర్పేడు వైపు ఏదో ఒక ఊళ్లోనే జరగాలని నా గట్టి అభిప్రాయం. కెమిస్ట్రీ వాళ్లు, ఎకనామిక్స్ వాళ్లు, తెలుగు వాళ్లు ఒకే ముగ్గు చుట్టూ కూర్చోవాలి. బోరు నీళ్ల సంగతి ఒకరికి తెలిస్తే, అప్పుల లెక్క ఇంకొకరికి తెలుస్తుంది.

రిపోర్టు గురించి ఒక్కమాట. కాలేజీకి ఇంగ్లిష్‌లో ఇచ్చేది ఇవ్వండి. ఊరికి మాత్రం తెలుగులో రెండు పేజీలు రాసి, గ్రామ సచివాలయం దగ్గర అందరి ముందు చదివించండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. ఆ దిద్దుబాట్లు చూశాకే మార్కులు వేయండి.

[తెరపై: పాల కేంద్రం, క్యాన్లు పట్టుకుని నిలబడ్డ జనం.]

పిల్లల్ని పంపకముందే మీరొక్కరే ఒకసారి ఆ ఊరికి వెళ్లి రండి. పొద్దున పాలు పోసే వేళకు పాల కేంద్రం దగ్గరుంటే సగం ఊరు అక్కడే కలుస్తుంది. ఎవరు ఏ వేళకు ఇంట్లో ఉంటారో కనుక్కొని, పిల్లల టైంటేబుల్ దాన్నిబట్టి వేయండి.