పేరు మార్చుకునే చేప

శ్రోతలకు నమస్కారం.

గోదావరి జిల్లాల వాళ్లకి ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు, కొందరు వలస అంటారు. వరద నీటికి ఎదురీది గోదారి ఎక్కిందా, ఇక అది పులస. చేప అదే. నీరు మారేసరికి పేరు మారింది, ధర సంగతి సరేసరి.

అమెరికా పడమటి తీరంలోనూ ఇలా పేరు మార్చుకునే చేప ఒకటుంది. ఏట్లో పుట్టి ఏట్లోనే బతికితే దాన్ని రెయిన్‌బో ట్రౌట్ అంటారు. ఒంటి పక్కన గులాబీ రంగు చార ఉంటుంది. అదే జాతి పిల్ల ఒకటి రెండేళ్లు, ఒక్కోసారి మూడేళ్లు ఏట్లో పెరిగి సముద్రం దారి పట్టిందనుకోండి, ఒళ్లంతా వెండిలా మెరుస్తుంది. అప్పుడది స్టీల్‌హెడ్. ఒకే తల్లి పిల్లల్లో కొన్ని ఏటినే అంటిపెట్టుకుంటాయి, కొన్ని సముద్రానికి పోతాయి. అన్నదమ్ముల్లో ఒకడు ఊళ్లో వ్యవసాయం చూసుకుంటే ఇంకొకడు డల్లాస్‌లో తేలినట్టు!

పోయినవి ఊరికే పోవు. సముద్రంలో బాగా మేసి, ఒళ్లు చేసి, పుట్టిన ఏటి నీటి వాసన పట్టుకుని వెనక్కి వస్తాయి. ఆడచేప గులకరాళ్లున్న చోటు చూసుకుని, పక్కకి ఒరిగి, తోకతో టపటపా కొడుతూ గుంట చేస్తుంది. గుడ్లు పెట్టాక ఎగువన మళ్లీ తోకాడించి, లేచిన గులకతోనే గుంట కప్పేస్తుంది. ఆ రాళ్ల సందుల్లోంచి చల్లటి నీరు పారుతూనే ఉండాలి. మెత్తటి ఒండ్రు పేరుకుందంటే లోపలి గుడ్లకి ఊపిరాడదు. ఈ చేపకి నీళ్లుంటే చాలదు, అడుగున రాయి శుభ్రంగా ఉండాలి.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఎల్వా అని ఒక చిన్న నది. ఒలింపిక్ కొండల్లో పుట్టి 72 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. 1913లో, సముద్రానికి 8 కిలోమీటర్ల దూరంలోనే దానికి అడ్డంగా ఆనకట్ట కట్టారు. చేపలకి దారి వదలాలని ఆ రాష్ట్రంలో అప్పటికే చట్టం ఉంది. అయినా వదల్లేదు. 1927లో ఇంకా ఎగువన, 64 మీటర్ల ఎత్తైన రెండో ఆనకట్ట లేచింది. ఆ ఏటి చేపల మీదే బతికిన క్లాలం తెగవాళ్లకి, తమ పుట్టుక స్థలమని నమ్మే చోటు కూడా నీళ్లలో మునిగిపోయింది.

ఎగువన చిక్కుకున్న చేపలేమయ్యాయి? ఏటి చేపలుగానే ఉండిపోయాయి. దాదాపు వందేళ్లు, తరం తర్వాత తరం, ట్రౌట్‌లుగానే.

ఆనకట్టలు తీసేయడానికి వీలు కల్పిస్తూ 1992లో చట్టం వచ్చింది. పని మొదలయ్యేసరికి 2011 అయింది. ప్రభుత్వ వ్యవహారం ఎక్కడైనా అంతే లెండి. 2014కి రెండూ పోయాయి. వాటి వెనక పేరుకున్న ఒండ్రు సుమారు 2 కోట్ల ఘనపు మీటర్లు. అది కదిలినప్పుడు ఎల్వా మన వరద గోదారి రంగుకి తిరిగింది. గుడ్ల గతేమిటని అందరికీ టెన్షనే. నది మాత్రం చాలా మట్టిని మోసుకెళ్లి, సముద్రం ఒడ్డున కొత్త ఇసుక మేట వేసింది.

తర్వాత వేసవిలో ఏరెక్కే స్టీల్‌హెడ్‌లు వందల్లో కనిపించాయి. ఆ రకం ఎల్వాలో దాదాపు అడుగంటిపోయిందనుకున్నదే. జన్యు పరీక్షలు చేస్తే, ఆనకట్టల ఎగువన చిక్కుకున్న ఆ ట్రౌట్‌ల వంశం వీటిలో బయటపడింది. ఎన్ని తరాలు ట్రౌట్‌లుగా బతికినా సముద్రానికి పోయే గుణం వాటి రక్తంలోంచి పోలేదు. గోడ పోయింది, అవీ పోయాయి.

అలాగని ధవళేశ్వరం తీసేయమంటున్నానని ఉత్తరాలు రాయకండి. అది డెల్టాకి అన్నం పెట్టే బ్యారేజీ. ఎల్వావి కరెంటు కోసం కట్టినవి. లెక్క వేరు.

ఆనకట్టలు తీసే పని మొదలైనప్పుడు ఆ ఏట్లో వేట ఆపేశారు. సరిగ్గా పుష్కరానికి, 2023 అక్టోబరులో, క్లాలం వాళ్లు మళ్లీ అక్కడ చేపలు పట్టారు. పట్టింది కోహో సాల్మన్ అనే వేరే జాతి చేపల్ని. స్టీల్‌హెడ్ వంతు అప్పటికింకా రాలేదు.

నమస్కారం.