దొంగిలించిన దైవత్వం: 24 ఏళ్ళనాటి మారోవిండ్‌కి నా రివ్యూ

నమస్తే అండీ, అందరికీ స్వాగతం. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నా చేతిలో ఉన్న ఈ హ్యాండ్‌హెల్డ్, అంటే చేత్తో పట్టుకుని గేమ్‌లు ఆడుకునే ఈ పరికరం, నేను కొన్నది కాదు. రెండు వారాలు వాడి చూడమని కంపెనీ వాళ్ళే పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో కూడా చెప్పలేదు. దీని ప్రాసెసర్, బ్యాటరీ, స్క్రీన్ సంగతులు మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసే ఉంటారు. అవన్నీ మళ్ళీ అప్పజెప్పను. స్క్రీన్ బాగుంది. కుడివైపు బటన్లు నాకు కాస్త గట్టిగా అనిపించాయి. దాని గురించి అంతే.

ఎందుకంటే ఈ రెండు వారాల్లో ఇందులో కొత్త గేమ్ ఒక్కటి కూడా వేయలేదు. మొదటి రోజు టెస్టింగ్ కోసమని మారోవిండ్ ఎక్కించాను, ఇక అక్కడే ఉండిపోయాను. ఎల్డర్ స్క్రోల్స్ సిరీస్‌లో మూడో గేమ్, 2002లో వచ్చింది. 2019 మార్చిలో సిరీస్‌కి 25 ఏళ్ళు నిండాయని, దీన్ని తయారుచేసిన బెథెస్డా కంపెనీ దీన్ని కొన్నాళ్ళు ఉచితంగా ఇచ్చింది. నాది అప్పుడు తీసుకున్న కాపీయే. కాబట్టి ఈ రివ్యూ మారోవిండ్‌కి. అందులోనూ ఒక్క విషయానికి: చావు పుట్టుకలున్న మామూలు ప్రాణి దేవుడైపోతే ఏం జరుగుతుందో ఈ గేమ్ చూపించినంత లోతుగా నేను ఆడిన మరే గేమూ చూపించలేదు. కథ మొత్తం చెప్పేస్తున్నాను, ఆడాలనుకునేవాళ్ళు వీడియో ఇక్కడే ఆపి, ఆడాక రండి.

చిరాకు పెట్టేవి ముందు చెప్పేస్తాను, నిజాయితీగా ఉంటుంది. మొదటిది పోరాటం. కత్తి ఎదుటివాడి ఒంట్లోంచి దూసుకెళ్తున్నట్టు కళ్ళకి కనిపిస్తుంది, కానీ దెబ్బ తగలదు. తగిలిందా లేదా అన్నది లోపల పాచికలు వేసినట్టు లెక్క కడుతుంది. ఆ ఆయుధంలో మీ నైపుణ్యం ఎంత, మీకు అలసట ఎంత అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారుతుంది. మొదట్లో ఒక ఎలుక మీద పదిసార్లు కత్తి విసిరి, ఒక్కటీ తగలక గేమ్ మూసేసినవాళ్ళు నాకు తెలుసు. పరిగెత్తుకుంటూ వెళ్ళి కొట్టకండి, ఎంత ఓపిక మిగిలిందో చూపించే ఆకుపచ్చ గీత నిండుగా ఉన్నప్పుడే కొట్టండి. సగం బాధ తగ్గుతుంది. రెండోది క్లిఫ్ రేసర్లు. ఆకాశంలోంచి అరుచుకుంటూ దిగి, ఊరు దాటితే చాలు వెంటపడే పక్షుల్లాంటి జీవాలు. వీటితో ప్రాణం విసిగిపోతుంది, దానికి మందు లేదు. మూడోది అక్షరాల సైజు. ఓపెన్ఎమ్‌డబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్‌లో ఆడితే అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. ఒరిజినల్ గేమ్ ఫైళ్ళు మాత్రం మీ దగ్గర ఉండాలి. ఈ చిన్న స్క్రీన్ మీద అది తప్పనిసరి, ఎందుకంటే ఈ గేమ్‌లో చదవడమే అసలు పని.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్తాను. ఇంజినీరింగ్‌లో ఉండగా నేను మొదట ఆడింది స్కైరిమ్, ఇదే సిరీస్‌లో 2011 గేమ్. అందులో వైట్‌రన్ ఊళ్ళో హైమ్‌స్కర్ అనే పూజారి టాలోస్ విగ్రహం ముందు నిలబడి రోజంతా గొంతు చించుకుంటూ ఉంటాడు. అతన్ని దాటి వందసార్లు వెళ్ళి ఉంటాను, ఒక్కసారి కూడా ఆగి వినలేదు. చాలా రోజులకి ఒకసారి విన్నాను. టాలోస్ పుట్టుకతో దేవుడు కాడు! టైబర్ సెప్టిమ్ అనే మనిషి. టామ్రియెల్ ఖండమంతా గెలిచి సామ్రాజ్యం కట్టి, చనిపోయాక దేవుడయ్యాడు. అప్పటిదాకా ఎనిమిదిమంది దేవుళ్ళున్న చోట తొమ్మిదోవాడిగా చేరాడు. స్కైరిమ్‌లో అంతర్యుద్ధానికి పెద్ద కారణం అదే. మనిషి దేవుడు కాలేడు, అతన్ని కొలవకూడదు అని, సామ్రాజ్యంతో యుద్ధం చేసిన థాల్మోర్ ఎల్ఫ్‌లు (ఎల్ఫ్‌లంటే కోసు చెవులుండే, మనిషిలాంటి జాతి) సంధి పత్రంలో రాయించుకున్నారు. అది స్కైరిమ్‌లో ఉండే మనుషులు, నార్డ్‌లకి మింగుడు పడలేదు.

అప్పుడు నాకు తట్టింది, ఈ లోకంలో దేవుడు కావడానికి దారి ఉందన్నమాట. ఆ దారి ఎలాంటిదో వెతుక్కుంటూ వెళ్తే తేలింది మారోవిండ్‌లో.

కథ ఇది. కైమర్ అని ఒక ఎల్ఫ్ జాతి. వాళ్ళ నాయకుడు నెరెవార్. వాళ్ళ పక్కనే డ్వెమర్లు, యంత్రాల్లో ఆరితేరినవాళ్ళు. రెడ్ మౌంటెన్ అనే అగ్నిపర్వతం కింద డ్వెమర్లకి ఒక గుండె దొరికింది. లోర్ఖాన్ అనే దేవుడి గుండె, ఇంకా కొట్టుకుంటూ ఉంది. కాగ్రెనాక్ అనే వాళ్ళ పెద్ద పనివాడు ఆ గుండెలోంచి శక్తి లాగడానికి మూడు పనిముట్లు చేశాడు. సండర్ అనే సుత్తి, కీనింగ్ అనే కత్తి, వాటిని పట్టుకున్నవాడు చచ్చిపోకుండా రైత్‌గార్డ్ అనే ఇనుప చేతి తొడుగు. సుత్తితో కొడితే గుండెలోంచి శక్తి వస్తుంది, కత్తితో దాన్ని కావలసినట్టు మలుచుకోవాలి. అంటే దైవత్వం ఇక్కడ వరం కాదు, తపస్సు ఫలం కాదు. కమ్మరి కొలిమి దగ్గర పనిలాంటిది, పనిముట్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది.

కైమర్లకీ డ్వెమర్లకీ యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో డ్వెమర్ జాతి మొత్తం ఒక్క క్షణంలో మాయమైపోయింది. మీరు గేమ్ మొత్తం తిరిగినా బతికున్న డ్వెమర్ ఒక్కడే కనిపిస్తాడు. పనిముట్లు నెరెవార్ చేతికొచ్చాయి. ఆయనకి దగ్గరివాళ్ళు ముగ్గురు: భార్య ఆల్మలెక్సియా, సలహాదారులు వివెక్, సోథా సిల్. వీటిని ఎప్పటికీ వాడబోమని వాళ్ళు అజురా దేవత పేరున ఒట్టు వేశారు. తర్వాత నెరెవార్ చనిపోయాడు. ఆ ముగ్గురూ గుండె దగ్గరికి వెళ్ళి దేవుళ్ళై వచ్చారు. ఒట్టు తప్పినందుకు అజురా శపిస్తే కైమర్ల బంగారు రంగు చర్మం బూడిద రంగైంది, కళ్ళు నిప్పుల్లా ఎర్రబడ్డాయి. ఆ జాతే నేటి డన్మర్లు. ముగ్గురు చేసిన తప్పు జాతి మొత్తం ఒంటి మీద కనిపిస్తూనే ఉంది. అయినా ఆ జాతే వాళ్ళకి గుళ్ళు కట్టి కొన్ని వేల ఏళ్ళు కొలిచింది.

నెరెవార్ ఎలా చనిపోయాడు? దీనికి గేమ్ ఒక్క జవాబు ఇవ్వదు. గుడి వాళ్ళు యుద్ధంలో గాయాలతో పోయాడంటారు. బయట ఎడారుల్లో తిరిగే ఆష్‌లాండర్లు, ఆ ముగ్గురే చంపారంటారు. తిరుగుబాటు పూజారులు దాచిపెట్టిన కాగితాలు ఇంకొకటి చెబుతాయి. ఇవన్నీ మీ చేతికి వేర్వేరు చోట్ల, వేర్వేరు మనుషుల ద్వారా వస్తాయి. పైగా నెరెవార్ మళ్ళీ పుట్టాడని, అది మీరేనని ఆ ఆష్‌లాండర్లు అనడం మొదలుపెడతారు. అంటే చదువుతున్నది మీ హత్య కేసే కావచ్చు.

సరే, నాకు బాగా నచ్చిన చోటు దగ్గరికొద్దాం. వివెక్ నగరం. నీళ్ళలో కట్టిన పెద్ద పెద్ద మెట్ల కోటల్లాంటి కట్టడాలు, దక్షిణాన చివరన దేవుడి మందిరం. నగరం మీద, గాలిలో, ఒక కొండంత రాయి వేలాడుతూ ఉంటుంది. పేరు బార్ డావ్. ఆకాశం నుంచి పడుతున్న రాయిని వివెక్ ఆపేశాడని జనం నమ్మకం. ఆ రాయిని తొలిచి లోపల జైలు కట్టారు, దాని పేరు మినిస్ట్రీ ఆఫ్ ట్రూత్. గుడి చెప్పేదాన్ని కాదన్నవాళ్ళని అందులో పెడతారు. మెయిన్ క్వెస్ట్‌లో, అంటే గేమ్ ముఖ్య కథలో, ఒక మనిషిని విడిపించడానికి మీరే అక్కడికి ఎగిరి వెళ్ళాలి. రాయి పక్కన చెక్క పలకల నడవా మీద నిలబడి కిందికి చూస్తే నగరమంతా కనిపిస్తుంది. జనం రోజూ ఆ నీడలోనే అమ్ముకుంటున్నారు, కొనుక్కుంటున్నారు. నేను ఈసారి అక్కడ ఊరికే చాలాసేపు నిలబడ్డాను.

తర్వాత వివెక్‌ని కలుస్తారు. పద్మాసనం వేసుకుని గాలిలో తేలుతూ ఉంటాడు. ఒంట్లో సగం బంగారు రంగు, సగం బూడిద రంగు. సగం పాత కైమర్, సగం శాపం తగిలిన డన్మర్. ఏ గేమ్‌లోనైనా దేవుడంటే ఉరుము లాంటి గొంతుతో నాలుగు ముక్కలు చెప్పి మాయమైపోతాడు కదా. ఇతన్ని మీరు కూర్చోబెట్టి ప్రశ్నలు వేయొచ్చు. దేవుడిగా ఉండడం ఎలా ఉంటుందని అడిగితే, ఒకేసారి మేలుకుని, నిద్రపోతూ ఉన్నట్టుంటుందంటాడు. మెలకువగా ఉన్నవాడు ఇక్కడ నీతో మాట్లాడుతున్నాడు, నిద్రలో ఉన్నవాడికి మాత్రం ఊపిరాడనంత పని అంటాడు. చాలా బంతులు ఒకేసారి ఎగరేసి పట్టుకునేవాడితో పోల్చుకుంటాడు, అప్పుడప్పుడు ఒకటి జారిపోతుందని ఒప్పుకుంటాడు.

ఎందుకు జారిపోతున్నాయో గేమ్ అప్పటికే చెప్పేసి ఉంటుంది. దొంగిలించిన శక్తి శాశ్వతం కాదు. ఏటా ముగ్గురూ రెడ్ మౌంటెన్‌కి వెళ్ళి గుండె దగ్గర మళ్ళీ శక్తి నింపుకుని రావాలి. రెండో యుగం 882లో డాగోత్ ఊర్ వాళ్ళకి అడ్డం పడ్డాడు. అతనూ ఒకప్పుడు నెరెవార్ మనిషే, ఆ గుండె పుణ్యమా అని అతనూ దేవుడంతటివాడయ్యాడు. అప్పటి నుంచి వీళ్ళకి గుండె దగ్గరికి దారి మూసుకుపోయింది. రెండో యుగం 896తో ముగిసింది, గేమ్ మొదలయ్యేది మూడో యుగం 427లో. అంటే 440 ఏళ్ళుగా రీచార్జ్ లేదు. ఉన్న శక్తిలో చాలావరకు డాగోత్ ఊర్‌ని కట్టడి చేసే ఘోస్ట్‌ఫెన్స్ గోడకే పోతోంది. దేవుడి బలానికి జమాఖర్చు రాసి చూపించిన గేమ్ నాకు ఇంకొకటి తెలియదు.

ఇక పుస్తకాలు. వివెక్ పేరున 36 ఉపదేశాలు గేమ్ అంతటా చెల్లాచెదురుగా ఉంటాయి. చదివితే తలా తోకా అందదు. తానెలా పుట్టాడో, ఎవరిని గెలిచాడో పురాణంలా చెప్పుకుంటాడు. అసలు సంగతి 29వ ఉపదేశంలో ఉంది. అక్కడ అంకెల వరస ఒకటి ఇస్తాడు. వరసలో ఒక్కో అంకెనీ పట్టుకుని, ఒక్కో ఉపదేశంలో అన్నో పదం దగ్గరికి వెళ్ళి, ఆ పదాలన్నీ కలుపుకుంటే ఒక ఒప్పుకోలు బయటికొస్తుంది. తాను పుట్టుకతో దేవుణ్ణి కాదని, ఈ నేరానికి తనను ఏ విధీ నెట్టలేదని, కావాలనే ఈ దారి పట్టానని, దైవత్వాన్ని దొంగిలించి నెరెవార్‌ని హత్య చేశానని. కింద తన పేరు.

ఈసారి నేను పెన్సిల్, నోట్‌బుక్ పెట్టుకుని స్వయంగా లెక్కపెట్టాను. రాత్రి పదకొండుకి మొదలుపెట్టాను. ఒక్కో పదం మీద వేలు పెట్టుకుంటూ, ప్రతి పదికీ నోట్‌బుక్‌లో ఒక గీత గీసుకుంటూ. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పింది. జవాబు నాకు ముందే తెలుసు. అయినా "హత్య" అన్న పదం మీద వేలు ఆగినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎదుట కూర్చుని అడిగితే గాయాలతో పోయాడని చెప్పినవాడు, తన పవిత్ర గ్రంథంలోనే నేరం ఒప్పుకుని, భక్తులు రోజూ దాన్నే పారాయణం చేసేలా వదిలేశాడు. ఎవరో ఒకరు లెక్కపెట్టి కనుక్కోవాలని కోరుకున్నాడనే నాకనిపిస్తుంది. అందుకే అతని మీద నాకు కోపం నిలవదు.

మనకి మనుషులు దేవతలు కావడం కొత్తేం కాదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పేరంటాళ్ళ గుడి ఉంది. ఆ తల్లి ఒకప్పుడు ఆ ఊరి ఇంటి ఆడపడుచే. ఆవిడ ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు, జనమే పసుపు కుంకుమ పెట్టి దేవతని చేసుకున్నారు. టాలోస్ కథని నేను ఆ వైపు నుంచి అర్థం చేసుకున్నాను. వివెక్‌వాళ్ళది రాహువు దారి. దేవతల వరసలో కూర్చుని అమృతం తాగేశాడు చూడండి, అలా.

ట్రిబ్యునల్ అనే ఎక్స్‌పాన్షన్, అంటే ఈ గేమ్‌కి అదనపు భాగం, అదే 2002లో వచ్చింది. ఊరు చిన్నది, నడవాలు ఎక్కువ, ఆట పరంగా మెయిన్ గేమ్ అంత బాగుండదు. కానీ శక్తి పోతుంటే ఆల్మలెక్సియాకి మతి ఎలా తప్పిందో చూడడానికి ఆడండి. సోథా సిల్‌ని ఆవిడే చంపేస్తుంది. అతని క్లాక్‌వర్క్ సిటీలోకి మిమ్మల్ని పంపి, చివరికి మీ మీదికే కత్తి దూస్తుంది. ముగ్గురిలో ఒకడు నేరం రాసిపెట్టుకున్నాడు, ఒకడు ఎవరికీ కనిపించకుండా యంత్రాల మధ్య దాక్కున్నాడు, ఒకావిడ తాను దేవతని కాదన్న మాటే భరించలేకపోయింది. నాకు ఆల్మలెక్సియాయే అందరికంటే నిజంగా అనిపిస్తుంది.

నా తీర్పు: ఆడండి. మొదటి ఐదారు గంటలు ఓర్చుకోండి. పోరాటానికి నేను మార్కులు వేయను, వేస్తే ఈ గేమ్‌కి అన్యాయం జరుగుతుంది. దేవుళ్ళ కథకి మాత్రం నా దగ్గర ఉన్న అన్ని మార్కులూ ఇస్తాను. వికీలు చూడకండి, జర్నల్ చదవండి, దారి అడిగి తెలుసుకోండి. ఇక హ్యాండ్‌హెల్డ్ సంగతంటారా, ఇలాంటి పాత గేమ్‌లు మంచం మీద పడుకుని ఆడుకోవడానికి బాగుంది, ఆ ధరకి నేనైతే తగ్గింపు కోసం ఆగుతాను.

సోమవారం దీన్ని తిరిగి పంపించేయాలి. సేవ్ ఫైల్ నిన్న రాత్రే నా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. అందులో సుత్తి, కత్తి, తొడుగు మూడూ నా దగ్గరే ఉన్నాయి, గుండె ఎదురుగా నిలబడి ఉన్నాను. కొడితే వివెక్ దైవత్వం పోతుంది. ఆ తర్వాత నగరం మీది రాయి ఏమైందో ఈ సిరీస్ కథ ముందుకెళ్ళాక చెబుతుంది. నాలుగో యుగం ఐదో ఏట అది ఆ నగరం మీదే పడింది. ఇంకా కొట్టలేదు. వచ్చే ఆదివారం లైవ్‌లో కొడతాను, రండి.