నార్కొండం: ఈ పక్షికి ఉన్నది ఆ ఒక్క కొండే

అందరికీ నమస్తే. స్క్రీన్ మీద చూడండి. సముద్రం మధ్యలో నిటారుగా లేచిన పచ్చటి కొండ, దాని నెత్తిన మబ్బు. ఇది నార్కొండం, మన దేశంలోదే. ఉత్తర అండమాన్‌కు తూర్పున వంద కిలోమీటర్లు దాటి వెళ్లాలి. దీవి మొత్తం సుమారు 7 చదరపు కిలోమీటర్లే, ఎత్తు మాత్రం 710 మీటర్లు!

ఇది అగ్నిపర్వతం. ఇప్పుడైతే చల్లగానే ఉంది. దక్షిణాన ఉన్న బారెన్ ఐలాండ్ అలా కాదు, 1991లో లేచి అప్పుడప్పుడూ నిప్పులు కక్కుతూనే ఉంది. లావా మనకేం కొత్త కాదులెండి, ఆదిలాబాద్ పత్తి చేలల్లో ఉన్న నల్లరేగడి కూడా కోట్ల ఏళ్ల కిందటి లావా రాయి అరిగి మట్టైందే.

సరే, అసలు హీరో దగ్గరికి వద్దాం. నార్కొండం హార్న్‌బిల్. భూమ్మీద ఈ ఒక్క దీవిలోనే ఉంటుంది. సర్వేను బట్టి కొన్ని వందల నుంచి వెయ్యి దాకా, అంతే. నల్లటి ఒళ్లు, తెల్లటి తోక, ఇంత పెద్ద ముక్కు. మగదానికి తల, మెడ ఇటుక రంగు. ఆడది తల దాకా నలుపే.

గూడు చూడండి. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, తన రెట్టతో, తిండి ముద్దతో లోపలి నుంచే వాకిలి పూడ్చేస్తుంది. మిగిలేది సన్నటి చీలిక. మగది జువ్వి, మర్రి జాతి పండ్లు గొంతులో నింపుకొచ్చి, ఒక్కొక్కటే పైకి తీసి ఆ చీలికలోంచి అందిస్తుంది. మగదానికి ఏమైనా అయితే లోపలున్న తల్లికీ పిల్లలకూ కష్టకాలమే. దీవిలో ఆ జాతి చెట్లు దండిగా ఉన్నాయి కాబట్టే ఇంత చిన్న చోట ఇన్ని పక్షులు బతుకుతున్నాయి.

మరి ముప్పు ఎక్కడ్నుంచి వచ్చింది? అగ్నిపర్వతం నుంచి కాదు, మేకల నుంచి! అక్కడి పోలీసు ఔట్‌పోస్టు వాళ్ల కోసం తెచ్చినవి అడవిలో పడి పెరిగిపోయాయి, లేత మొక్కల్ని మేసేశాయి. ముసలి చెట్టు కూలితే దాని స్థానంలో ఇంకోటి లేవదన్నమాట. తర్వాత వాటిని తీసేశారు, మంచి పని.

ఆపైన రాడార్ గొడవ. సముద్రం మీద నిఘాకి ఈ దీవిలో రాడార్ పెట్టాలని, దాని దగ్గరికి రోడ్డు వేయాలని కోస్ట్ గార్డ్ అడిగింది. 2012లో కేంద్ర పర్యావరణ శాఖ వద్దంది, 2014లో అనుమతి వచ్చింది. దేశ భద్రత కావాలి, నేను కాదనను. కానీ రోడ్డేయడానికి కొట్టే చెట్టులో ఏ గూడుందో చూసుకోవాలి కదా?

టూర్ ప్యాకేజీ ఎంత అని కామెంట్లలో అడుగుతారని ముందే చెప్తున్నా: లేదు. 1977 నుంచి అభయారణ్యం, అనుమతి లేకుండా దిగనివ్వరు. హార్న్‌బిల్ చూడాలనుంటే మన వైపే బూడిద రంగు హార్న్‌బిల్ ఉంది. అదీ ఇలాగే తొర్ర పూడ్చుకుంటుంది. ములుగు వైపు పెద్ద మర్రిచెట్లు పండిన రోజుల్లో పొద్దున్నే పోయి, కాసేపు మాట్లాడకుండా నిలబడండి.