సెయింట్ లూయిస్‌కు పోదామని బయలెల్లి సీసా మెడ కాడ ఆగినం

[సంగీతం]

తమ్ముడు: నమస్తే నమస్తే, మళ్ల వచ్చేసినం. అక్క ఎదురుంగ కూసుంది, సౌండు బాబాయ్ అప్పుడే చేతులు ఊపుతున్నడు.

అక్క: నువ్వు లిఫ్ట్ ఎపిసోడ్ల లెక్క అరుస్తున్నవ్, అందుకే ఊపుతున్నడు.

తమ్ముడు: లిఫ్ట్ సంగతి తియ్యొద్దని ఒప్పందం ఉంది మనకు. సరే, ఇయ్యాల టాపిక్ ఏందంటే, ఊరంతా మాది మాది అనుకునే బీరు కంపెనీని పరాయి దేశపోడు కొనుక్కుంటే ఏమైతది. అమెరికాల సెయింట్ లూయిస్. యాన్‌హైజర్ బుష్, అంటే బడ్‌వైజర్ చేసేటోళ్లు. 1852ల పుట్టిన బ్రూవరీ, అంటే బీరు కాసే ఫ్యాక్టరీ. 2008 జూన్‌ల బెల్జియం కంపెనీ ఇన్‌బెవ్ వచ్చి షేరుకు 65 డాలర్లు ఇస్తమన్నది. వీళ్లు వద్దన్నరు. జులైల 70 డాలర్లు అనంగనే ఒప్పుకున్నరు. మొత్తం 5,200 కోట్ల డాలర్ల బేరం. నవంబర్ కల్ల సంతకాలైపోయినయ్.

అక్క: అయిదు డాలర్లకు ఊరు పోయింది.

తమ్ముడు: గట్లనే అనుకో. అయితే మనం ఈ టాపిక్ పెడుతున్నమని చెప్పంగనే వచ్చిన మెసేజ్‌లు చూసినవా? సెయింట్ లూయిస్ గురించి ఒక్కడు అడగలే. అందరిదీ ఒకటే ప్రశ్న. “హైనకెన్ చేతికి పోయినంక కేఎఫ్, అదే కింగ్‌ఫిషర్, రుచి మారిందా లేదా?”

అక్క: తేదీ చూసిన్రా వాళ్లు?

తమ్ముడు: షురూ అయింది.

అక్క: ఏం షురూ? లేబుల్ మీద తయారైన తేదీ ఉంటది. అది చూడకుండ రుచి మారిందంటే నేనేం చెప్పాలె?

తమ్ముడు: ముందు లెక్క చెప్పనియ్. కింగ్‌ఫిషర్ చేసే యునైటెడ్ బ్రూవరీస్, అంటే యూబీల, ఆమ్‌స్టర్‌డామ్ కంపెనీ హైనకెన్ ఒక్క రోజుల దిగలే. బ్రిటన్ల స్కాటిష్ అండ్ న్యూకాసిల్ అని ఒక కంపెనీ ఉండె, దానికి మన యూబీల వాటా ఉండె. 2008ల హైనకెన్, కార్ల్స్‌బర్గ్ కలిసి ఆ కంపెనీని కొని పంచుకున్నయ్. ఆ పంపకంల యూబీ వాటా హైనకెన్‌కు వచ్చింది. 2021 జూన్‌ల యూబీ పాత ఓనర్ విజయ్ మాల్యా తాకట్టు షేర్లు అమ్మకానికొస్తే, ఇంకో 15 శాతం దాకా సుమారు 5,825 కోట్ల రూపాయలు పెట్టి తీసుకున్నరు. 46.5 శాతం ఉన్నది 61.5కు చేరింది. అంటే పెత్తనం ఇప్పుడు వాళ్లదే.

అక్క: పెత్తనం ఆమ్‌స్టర్‌డామ్‌ల ఉంటే ఉండనియ్. కాసేది సంగారెడ్డి జిల్లాల. మంజీరా నీళ్లు పెట్టినా బోరు నీళ్లు పెట్టినా ముందు శుద్ధి చేసి, ఉప్పులు తీసేసి, మళ్ల కావాల్సిన లవణాలు లెక్క ప్రకారం కలుపుతరు. మన నేల నీళ్లల్ల క్షారం ఎక్కువ. అది తియ్యకుంటే మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, నానబెట్టినప్పుడు పులుపు క్షారం కొలిచే పీహెచ్ 5.2 నుంచి 5.6 మధ్యల నిలబడదు, పైకి పోతది. పోతే పొట్టులకెల్లి వగరు దిగుతది. ఈ లెక్క ఓనర్ మారితే మారదు.

తమ్ముడు: కానీ ఓనర్ మారితే ఖర్చు తగ్గించమంటడు కదా. పలచగ కొడతరు.

అక్క: పలచగ కొట్టుడు కొత్త ఓనర్ కనిపెట్టిందేం కాదు. ప్రపంచంల పెద్ద బ్రూవరీలు చానా మటుకు చిక్కగ కాసి ఆఖర్ల నీళ్లు కలుపుతయ్. 15, 16 ప్లాటో కాడ పులియబెడతరు. అంటే వంద గ్రాముల రసంల 15, 16 గ్రాముల సారం అన్నట్టు. దాన్ని 11కు దించుతరు. అవే ట్యాంకులు, 100 లీటర్ల కాడ ఇంకో 40 లీటర్ల దాకా ఎక్కువొస్తది. కానీ ఆ కలిపే నీళ్లు నల్లా నీళ్లు కావొద్దు. మామూలు నీళ్లల్ల లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఉంటది, అది మొత్తం తీసెయ్యాలె. సరిగ తియ్యకుంటే రెండు నెలలల్ల తడిసిన అట్టపెట్టె వాసనొస్తది. మరీ చిక్కగ కాస్తే పులియబెట్టే ఈస్ట్ ఇబ్బంది పడి అరటిపండు వాసన పుట్టిస్తది, నురుగు నిలవది. అట్లాంటి తప్పు జరిగితే నోటికి తెలుస్తది. “ఏదో తేడా కొడుతుంది” అనే మాటతోని నేనేం పట్టుకోవాలె?

తమ్ముడు: సరే, ఇంకో మెసేజ్ చదువుతున్న. “కొత్త మేనేజ్‌మెంట్ వచ్చినంక గ్లిజరిన్ ఎక్కువ కలుపుతున్నరు, పొద్దున తలకాయ పగులుతుంది.”

అక్క: అయ్యో రామా.

తమ్ముడు: నవ్వకు. హైదరాబాద్ల సగం మంది ఇది చేస్తరు. గ్లాసుల నీళ్లు పోసి, సీసా మూతి బొటనవేలుతోని మూసి, బోర్లించి నీళ్లల్ల ముంచి వేలు తీస్తరు. చిక్కటి తీగ లెక్క కిందికి దిగుతది, అదే గ్లిజరిన్ అంటరు. కండ్ల ముందు కనబడుతది అక్కా! లేదంటే ఎట్ల?

అక్క: దిగుతది. దిగేది బీరు.

తమ్ముడు: బీరైతే నీళ్లల్ల కలిసిపోవాలె కదా. తీగ ఎందుకు కడుతది?

అక్క: బరువు తేడా. పులిసినంక గూడ కొన్ని చక్కెరలు మిగిలిపోతయ్, ఈస్ట్ వాటిని తినలేదు. అందుకని బీరు సాంద్రత నీళ్లకంటే జరంత ఎక్కువ, 1.008 అట్ల ఉంటది. పైంగ నీ సీసా ఫ్రిజ్‌ల నుంచి తీసింది, 4 డిగ్రీలు. గ్లాసుల నీళ్లు 30 డిగ్రీలు, 0.996. లీటరుకు 12 గ్రాముల తేడా. బరువైంది కిందికి, తేలికైంది పైకి. సీసా మెడల రెండూ ఒకదాని పక్కన ఒకటి జరుగుతయ్. రంగు తేడాకు, వెలుతురు వంగేదానికి అది నీకు చిక్కటి తీగ లెక్క కనబడుతది.

తమ్ముడు: గ్లిజరిన్ అసలే లేదంటవా?

అక్క: ఉంటది. ఈస్ట్ పులిసేటప్పుడు దానంతట అదే చేస్తది, లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాములు. వైన్ల ఇంకా ఎక్కువుంటది. కానీ అది బీరు మొత్తంల కరిగి ఉంటది. కరిగినదాన్ని బోర్లిస్తే అదొక్కటే ఏరుకోని కిందికి రాదు. చాయ్‌ల చక్కెర కలిపినంక కప్పు బోర్లిస్తే చక్కెర ఒక్కటే పడుతదా?

తమ్ముడు: మాటలతోని నమ్మరు. సీసా బోర్లించి చూసినోడికి చేసి చూపెట్టాలె.

అక్క: చూపెడత. రాసుకోండి. ముందు ఉత్త పరీక్ష. పావు లీటరు నీళ్లల్ల చెంచా చక్కెర, 5 గ్రాములు, కరిగించండి. రంగుకు జర చాయ్ డికాక్షన్ పొయ్యండి. దాన్ని ఖాళీ బీరు సీసాల నింపి ఫ్రిజ్‌ల పెట్టి, అదే తీరుగ నీళ్లల్ల బోర్లించండి. గ్లిజరిన్ చుక్క లేదు అండ్ల. తీగ మాత్రం అట్లనే దిగుతది.

తమ్ముడు: అది చక్కెర తీగ అంటరు.

అక్క: అంటరని నాకు ఎరుకే. రెండో పరీక్ష. ఇప్పుడు అసలు బీరు సీసానే తీసుకోండి. గ్లాసుల పావు లీటరు నీళ్లకు రెండు చెంచాల నిండుగ ఉప్పు, పది గ్రాములు. ఆ నీళ్ల సాంద్రత 1.025 కాడికి పోతది, అంటే బీరు కంటే బరువు. గ్లిజరిన్ సాంద్రత 1.26. విడిగ ఉన్న గ్లిజరినే దిగుతుంటే ఉప్పు నీళ్లల్ల గూడ దిగాలె కదా? బోర్లించి చూడండి, తీగ రాదు. లోపల గ్యాస్ లేచి తోస్తే కొంచెం బీరు బయటికొస్తది, అది గూడ కిందికి పోదు, సీసా పక్కపొంటి పైకి తేలుతది.

తమ్ముడు: ...

అక్క: చెప్పు.

తమ్ముడు: ఏం లేదు. తీగ సంగతి ఒప్పుకుంట. కానీ అట్ల చేసి తాగితే పొద్దున తల బరువు తగ్గుతదని అంత మంది చెప్తరు. అంత మంది అబద్ధమా?

అక్క: అబద్ధం కాదు. బీరు దిగినంత నీళ్లు సీసాలకెక్కినయ్. గ్యాస్ పోయింది. దిగిన బీరును గ్లాసుతోని పారబోస్తవ్. తక్కువ తాగినవ్, నీళ్లు కలిపి తాగినవ్, తల తక్కువ నొచ్చింది. పైసలు పెట్టి కొన్న బీరును సింకుల పోసి కంపెనీని తిడుతున్నవ్.

తమ్ముడు: నన్నెందుకు అంటవ్? నేను శ్రోతల తరఫున అడుగుతున్న.

అక్క: ఆ పేరు పెట్టుకోని నీ అనుమానాలే అడుగుతున్నవ్. స్ట్రాంగ్ బీరుల ఆల్కహాల్ 8 శాతం దాకా ఉండొచ్చని ఎఫ్ఎస్ఎస్ఏఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ, రూలు, లైట్ 5 శాతం లోపల. 650 మిల్లీ సీసా 8 శాతం అంటే 41 గ్రాముల ఆల్కహాల్. రెండు కొట్టి గ్లిజరిన్‌ను తిడితే ఎట్ల?

[చిన్న విరామం]

తమ్ముడు: బాబాయ్ నవ్వుతున్నడు. బాబాయ్, నువ్వు గూడ బోర్లిస్తవా?

అక్క: బోర్లిస్తడు, మొకం చూడు.

తమ్ముడు: సరే, రుచి మారుతదని చెప్పేటోళ్లకు నీ జవాబు ఏంది, తేదీ కాకుండ?

అక్క: తేదీతోనే. రెండు సీసాలు తెప్పించండి, ఒకటే బ్రాండు. ఒకటి ఈ నెలల తయారైంది, ఇంకోటి నాలుగైదు నెలల కిందటిది. రెండూ ఒకే చల్లదనం. మూడు స్టీలు గ్లాసులల్ల పొయ్యాలె, రెండింట్ల ఒకటే బీరు, మూడో దాంట్ల ఇంకోటి. స్టీలు ఎందుకంటే రంగు, నురుగు అంతగ కనబడొద్దు. పోసేటోడు వేరే, తాగేటోడు వేరే. వేరేది ఏదో చెప్పాలె. గుడ్డిగ చెప్పినా మూడుసార్లల్ల ఒకసారి తగులుతది. అందుకని పన్నెండు సార్లు చేస్తే కనీసం ఎనిమిది సార్లు కరెక్ట్ చెప్తేనే తేడా తెలుస్తుందని ఒప్పుకోవాలె. బ్రూవరీలల్ల గూడ ఈ పద్ధతే.

తమ్ముడు: పాతది దొరకదు గదా, ఎండాకాలం నాలుగు రోజులల్ల ఖాళీ.

అక్క: ఎండాకాలమే అసలు సంగతి. పది డిగ్రీల వేడి పెరిగితే బీరు పాతబడే వేగం రెండు మూడింతలైతది. బ్రూవరీల సీసా నింపినంక టన్నెల్‌ల వేడి నీళ్లు చల్లి పాశ్చరైజ్ చేస్తరు, అంటే వేడితోని క్రిములను చంపుతరు. 60 డిగ్రీల కాడ ఒక్క నిమిషం ఉంటే ఒక యూనిట్, 15, 20 యూనిట్లు సరిపోతయ్. 7 డిగ్రీలు పెరిగితే ఒక్క నిమిషానికి పది యూనిట్లు పడతయ్. అంత జాగ్రత్తగ లెక్కపెట్టి పంపిన సీసా మే నెలల లారీ మీద, గోదాం రేకుల కింద, వైన్స్ ముంగట కేసులల్ల రోజుల కొద్ది ఉడుకుతది. ఆకుపచ్చ సీసానైతే ఎండల పెట్టిన్రా, ఇంక చెప్పే పనే లేదు. వెలుతురుకు హాప్స్, అంటే బీరుకు చేదు ఇచ్చే పువ్వు, చేదు విరిగి గంధకపు వాసనొస్తది, మంచి ఎండల నిమిషాలల్ల. గోధుమ రంగు సీసా చానా మటుకు ఆపుతది. తేదీ చూడు, సీసా రంగు చూడు, ఎక్కడ పెట్టిన్రో చూడు. ఆ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌ను తిట్టు.

తమ్ముడు: బాబాయ్ పది నిమిషాలంటున్నడు. సెయింట్ లూయిస్‌కు ఒక్క అడుగు పెట్టలే మనం.

అక్క: పెట్టు మరి.

తమ్ముడు: అక్కడ ముందు తెలిసింది బీరు గ్లాసుల కాదు, పని చేసేటోళ్ల కాడ. బేరం ముగిసిన మూడు వారాలకే, 2008 డిసెంబర్ల, 1,400 ఉద్యోగాలు తీసేస్తున్నమన్నరు. అండ్ల నాలుగింట్ల మూడొంతులు సెయింట్ లూయిస్‌లనే. 2009ల కంపెనీ థీమ్ పార్కులు బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి కంపెనీకి అమ్మేసిన్రు. సరుకిచ్చేటోళ్లకు పైసలు 30 రోజులల్ల ఇచ్చేది 120 రోజులకు జరిపిన్రు. మాల్ట్ ఇచ్చేటోడు, సీసాలిచ్చేటోడు, డబ్బాలు అచ్చేసేటోడు, అందరూ నాలుగు నెలలు ఆగాలె. ఊళ్లె చిన్న ఫ్యాక్టరీ నడిపేటోనికి అది ఎంత దెబ్బ.

అక్క: ఉంచినయ్ గూడ ఉన్నయ్. గుర్రాలు ఉంచిన్రు, 1933ల మద్యనిషేధం పోయినప్పుడు బీరు బండి లాగనీకి తెచ్చిన క్లైడ్స్‌డేల్ గుర్రాలు. బీచ్ అనే చెట్టు చెక్క గూడ ఉంచిన్రు. అది రుచికని అందరు అనుకుంటరు, కాదు. చెక్క పీలికలను సోడా ఉప్పు నీళ్లల్ల ఉడకబెట్టి రుచి తీసేసి ట్యాంకు అడుగున పరుస్తరు. ఈస్ట్ అడుగుకు పోయి ఒక్క కుప్ప కాకుండ ఆ పీలికల మీద పరుచుకోని బీరుకు తగులుతుంటది, మిగిలిన పచ్చి ఆపిల్ వాసన, వెన్న వాసన నాకేస్తది. బియ్యం గూడ అట్లనే ఉంది. బడ్‌వైజర్ల బియ్యం ఉంటదంటే మనోళ్లు కల్తీ అనుకుంటరు. బియ్యం పిండి పదార్థం మాల్ట్ నానబెట్టే వేడికి సరిగ విచ్చుకోదు, అందుకని వేరే పాత్రల ఉడకబెట్టి కలుపుతరు. అది ఖర్చు పనే.

తమ్ముడు: ఆ బాకీ సంగతి మన కాడ ఉల్టా. అక్కడ కంపెనీ బాకీ పడ్డది, ఇక్కడ కంపెనీకే బాకీ. తెలంగాణల బీరు కొనేది ఒక్క బేవరేజెస్ కార్పొరేషనే. ధర చెప్పేది గూడ సర్కారే. 2019-20 నుంచి మూల ధర పెంచలే, పాత బిల్లులు రాలే అని 2025 జనవరి 8న యూబీ సప్లై బంద్ పెట్టింది. 33.1 శాతం పెంచమంటున్నరని ఎక్సైజ్ మంత్రి చెప్పిండు. రెండు వారాలల్ల మళ్ల షురూ చేసిన్రు, ఫిబ్రవరి 11 నుంచి 15 శాతం పెంచిన్రు.

అక్క: అంటే ఓనర్ ఎవడైనా కొనేటోడు ఒక్కడే.

తమ్ముడు: అదే నేననేది! అమెరికాల ఓనర్ మారితే బిల్లు తేదీ మారింది. ఇక్కడ ఓనర్ మారినా...

అక్క: నాకు గట్ల అనిపిస్తలే. సప్లై ఆపే ధైర్యం యాడికెల్లి వచ్చింది? వెనకాల పెద్ద ఓనర్ ఉన్నందుకే వచ్చింది.

తమ్ముడు: చిన్న కంపెనీ అయినా ఆపుతుండె. నష్టానికి ఎన్ని రోజులు అమ్ముతరు?

అక్క: చిన్న కంపెనీకి రెండు వారాలు ఆపితే జీతాలు ఆగుతయ్.

తమ్ముడు: అది నిజమే గానీ... ఆగు, బెక్స్ సంగతి చెప్పాలె. జర్మనీ బీరు బెక్స్‌ను అమెరికాల అమ్మేది 2012 నుంచి సెయింట్ లూయిస్‌లనే కాసుడు మొదలుపెట్టిన్రు. జర్మనీ బీరు అనుకోని కొన్నమని జనం కోర్టుకు పోయిన్రు. 2015ల రాజీ, బిల్లులు చూపెట్టినోళ్లకు యాభై డాలర్ల దాకా వాపస్.

అక్క: మన కాడ లేబుల్ మీద కాసిన బ్రూవరీ అడ్రస్ ఉంటది. ఎవ్వరన్న చదువుతరా? తయారైన తేదీ పక్కనే...

తమ్ముడు: మళ్ల తేదీ! బాబాయ్, కట్ చెయ్. బాబాయ్?

అక్క: హెడ్‌ఫోన్ తీసి బయటికి పోయిండు.

[రికార్డింగ్ ముగిసింది]