ఓటు కాదు, చీటీ: ఏథెన్స్‌ను నడిపిన రాతి యంత్రం

[తెర మీద: ఏథెన్స్ నగరం, అగోరా (పాత నగర కూడలి) మ్యూజియం. విరిగిన రాతి పలక. దాని నిండా వరసలు వరసలుగా సన్నటి గాట్లు.]

నమస్తే. ప్రజాస్వామ్యం అనగానే మనకు గుర్తొచ్చేది ఎన్నికలే. పోలింగ్ బూత్, వేలి మీద సిరా చుక్క. కానీ ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం చెప్పుకునే ఏథెన్స్‌లో చాలా పదవులకు ఎన్నికలే ఉండేవి కావు. చీటీ తీసి మనుషుల్ని ఎంచుకునేవాళ్లు. మన పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లు పడితే తప్ప చీటీ దాకా వెళ్లరు. ఏథెన్స్ వాళ్లు మాత్రం చీటీతోనే మొదలుపెట్టేవాళ్లు.

అరిస్టాటిల్ ఈ విషయం సూటిగా రాశాడు. పదవులు చీటీతో ఇస్తే ప్రజాస్వామ్యమనీ, ఎన్నికతో ఇస్తే కొద్దిమంది పాలన అనీ జనం భావిస్తారని. మొదటిసారి చదివినప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే తర్కం దొరుకుతుంది. ఎన్నిక అంటే డబ్బున్నవాడికి, పేరున్న కుటుంబానికి, మాటకారికి మొగ్గు ఉంటుంది. చీటీకి ఇవేవీ తెలియవు.

[తెర మీద: పది రంగుల్లో పది గుంపులు. ఒక్కో దాంట్లోంచి 50 మంది ముందుకొస్తారు.]

క్రీ.పూ. 508లో క్లైస్తెనీస్ అనే నాయకుడు పౌరులందరినీ పది తెగలుగా విడగొట్టాడు. ఒక్కో తెగ నుంచి 50 మంది, మొత్తం 500 మందితో ఒక మండలి. ప్రజాసభలో ఏ విషయం చర్చకు రావాలో నిర్ణయించేది ఈ మండలే. దీని సభ్యుల్ని ఏటా చీటీతోనే తీసేవాళ్లు. జీవితంలో రెండుసార్లకు మించి ఎవరికీ అవకాశం లేదు. ఆ 50 మంది గుంపులు వంతులవారీగా అధ్యక్షత వహించేవి. గుంపులో ఒకరికి రోజూ చీటీ పడేది. ఒక రాత్రి, ఒక పగలు అతని దగ్గరే నగరం ముద్ర, ఖజానా ఉన్న ఆలయాల తాళాలు. అంతే, మళ్లీ జన్మలో ఆ కుర్చీ రాదు.

చీటీ పడితే చాలు, ఎవరైనా కూర్చోవచ్చా? కూర్చోలేరు. పదవి చేపట్టే ముందు విచారణ, దిగేటప్పుడు లెక్కల తనిఖీ. సేనాధిపతుల విషయంలో మాత్రం వాళ్లు చీటీని నమ్మలేదు. యుద్ధం తెలిసినవాళ్లే కావాలని పదిమందిని ఓటుతో ఎన్నుకునేవాళ్లు. పెరిక్లీస్ అనే నాయకుడు అలా 15 ఏళ్లు వరసగా గెలిచాడు.

ఇక ఆ రాతి పలక దగ్గరికి వద్దాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

[తెర మీద: పలక యానిమేషన్. పక్కన నిలువు గొట్టం, పైన గరాటు.]

దీని పేరు క్లెరోటీరియన్. కోర్టుల్లో తీర్పు చెప్పే పౌరుల్ని ఎంచే యంత్రం. ఏడాదికి 6,000 మంది జాబితా ఉండేది, అందరూ 30 ఏళ్లు దాటినవాళ్లే. కోర్టు ఉన్న రోజు తెల్లవారుజామునే రావాలి. ప్రతివాడి దగ్గరా తన పేరు చెక్కిన చిన్న బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లల్ని పలక మీది గాట్లలో దూరుస్తారు. ఐదు నిలువు వరసలు, అంటే అడ్డంగా చూస్తే ఒక్కో వరసలో ఐదు పేర్లు. పక్కనున్న గొట్టంలో నలుపు, తెలుపు గుళికలు కలిపి పోస్తారు. కింద నుంచి ఒక్కొక్కటీ బయటికొస్తుంది. తెల్లది వస్తే ఆ వరసలోని ఐదుగురూ ఎంపికైనట్టు. నల్లది వస్తే ఐదుగురూ ఇంటికి.

ఎంపికైనా, ఏ కోర్టుకు వెళ్లాలో ఇంకా తెలియదు. దానికి మళ్లీ చీటీ. అక్షరం రాసిన ఒక కాయ తీస్తారు, దాన్ని బట్టి రంగు కర్ర చేతికిస్తారు. ఆ రంగు ఏ కోర్టు గుమ్మం మీద ఉంటే అక్కడికే వెళ్లాలి. బిళ్లలు దూర్చే మనిషిని కూడా చీటీతోనే తీసేవాళ్లు!

ఇంత తతంగానికి కారణం లంచం భయం. క్రీ.పూ. 409లో పైలోస్ అనే కోట చేజారినందుకు అనిటస్ అనే సేనాధిపతి మీద కేసు పడింది. తీర్పు చెప్పేవాళ్లను కొనేసి అతను బయటపడ్డాడని, ఏథెన్స్‌లో ఆ దారి చూపిన మొదటివాడు అతనేనని గ్రీకు రచనలు చెబుతున్నాయి. ఏ కేసు ఎవరు వింటారో తెల్లవారేదాకా ఎవరికీ తెలియకపోతే, ముందురోజు రాత్రి డబ్బు ఎవరి చేతిలో పెడతారు?

[తెర మీద: అరచేతిలో రెండు కంచు బిళ్లలు. మధ్యలో చిన్న ఇరుసు.]

ఓటు వేయడంలోనూ అదే జాగ్రత్త. ప్రతివాడికీ రెండు కంచు బిళ్లలు. ఒకదాని ఇరుసు గొట్టంలా బోలుగా ఉంటుంది, రెండోది గట్టిది. బోలుది ఫిర్యాదుదారుకి, గట్టిది ముద్దాయికి. ఇరుసు రెండు చివరల్నీ వేళ్లతో మూసి పట్టుకుంటే పక్కవాడికి ఏది ఏదో కనబడదు. జడ్జి లేడు, అప్పీలు లేదు.

మరి ఇంత కట్టుదిట్టంగా చేస్తే తీర్పులన్నీ న్యాయంగా ఉన్నాయా? లేవు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు మరణశిక్ష వేసింది ఇలాంటి కోర్టే. ఆయన మీద ఆరోపణ చేసిన ముగ్గురిలో ఒకడు పైన చెప్పిన అనిటసే. 30 ఓట్లు అటు మారి ఉంటే సోక్రటీస్ బతికేవాడని ప్లేటో రాతల వల్ల తెలుస్తోంది. ఇదే సోక్రటీస్ అంతకు ఏడేళ్ల ముందు చీటీ పడి 500 మంది మండలిలో కూర్చున్నాడు. అప్పుడు ఒక సముద్రయుద్ధంలో మునిగిపోతున్న నావికుల్ని కాపాడలేదని, ఆ యుద్ధం నడిపిన సేనాధిపతులందరికీ ఒకేసారి శిక్ష వేయాలని జనం కేకలు వేస్తుంటే, అది చట్టవిరుద్ధమని ఒప్పుకోలేదు. జనం వినలేదు. ఆరుగురిని చంపేశారు, తర్వాత పశ్చాత్తాపపడ్డారు.

ఇంకా పెద్ద లోటు ఒకటుంది. ఆడవాళ్ల పేరు ఆ గాట్లలో ఎప్పుడూ లేదు. బానిసలది లేదు, బయటి ఊళ్ల నుంచి వచ్చి తరతరాలుగా అక్కడే బతికినవాళ్లదీ లేదు. క్రీ.పూ. 451 నుంచి తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వాళ్లయితేనే పౌరసత్వం. ఆ చట్టం తెచ్చింది పెరిక్లీసే. సమానత్వం గురించి అంత పట్టింపు ఉన్న మనుషులు ఇంట్లో పనిచేసే బానిసను చూడలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

[తెర మీద: పపైరస్ చుట్ట తిరగబడుతుంది.]

ఈ వివరాలు మనకు చేరిన తీరు కూడా వింతే. ఈజిప్టులో దొరికిన కొన్ని పపైరస్ (రెల్లుతో చేసిన కాగితం) చుట్టల మీద ఒకవైపు ఎవరివో పొలం జమాఖర్చులున్నాయి. వెనక్కి తిప్పితే ఏథెన్స్ పాలన గురించిన రచన. అరిస్టాటిల్ రాశాడని కొందరు, ఆయన శిష్యుడు రాశాడని కొందరు అంటారు. 1891లో అది అచ్చయింది. అయినా క్లెరోటీరియన్ అంటే ఏదో గది పేరనే చాలామంది అనుకున్నారు. 1930ల్లో అగోరా తవ్వకాలు జరుగుతున్నప్పుడు స్టెర్లింగ్ డౌ అనే అమెరికన్ పండితుడు, ఈ గాట్ల రాళ్లే ఆ యంత్రాలని గుర్తుపట్టాడు.

అప్పటికే ప్రపంచం ఎన్నికల దారి పట్టేసింది. అమెరికా రాజ్యాంగం రాసినవాళ్లు ఏథెన్స్‌ను చూసి భయపడ్డారు. ప్రతి ఏథెన్స్ పౌరుడూ సోక్రటీసే అయినా అక్కడి సభ అల్లరిమూకే అయ్యేదని ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో 1788 నాటిదొకటి అంటుంది. వాళ్లు రోమ్ వైపు చూశారు. సెనేట్ అక్కడిదే, అమెరికా చట్టసభ భవనం ఉన్న క్యాపిటల్ కొండ పేరూ అక్కడిదే.

మన కాలంలో చీటీ మళ్లీ కనిపించింది. 2016లో ఐర్లండ్ ప్రభుత్వం యాదృచ్ఛికంగా తీసిన 99 మంది మామూలు పౌరుల్ని, ఒక సుప్రీంకోర్టు జడ్జి అధ్యక్షతన కూర్చోబెట్టింది. పార్టీలు ముట్టుకోవడానికి జంకిన గర్భస్రావం చట్టాన్ని వాళ్ల ముందు పెట్టింది. వాళ్లు నెలల తరబడి డాక్టర్ల మాట, లాయర్ల మాట, ఆ కష్టం పడిన ఆడవాళ్ల మాట విన్నారు. రాజ్యాంగంలోని నిషేధం మార్చాలని సిఫార్సు చేశారు. 2018 మే నెలలో రెఫరెండం జరిగితే 66 శాతం మంది అవునన్నారు. ఏథెన్స్‌లో చీటీ పడినవాళ్లు తీర్పే చెప్పేవాళ్లు. ఐర్లండ్ 99 మంది సలహా మాత్రమే ఇచ్చారు, నిర్ణయం ఓటర్లది. అయితే ఈసారి ఆ 99 మందిలో ఆడవాళ్లు కూడా ఉన్నారు.