ట్రక్కు ఆటో హెడ్‌లైట్లు మన చెప్పుచేతల్లోకి తెచ్చుకోవడం ఎలా?

[దృశ్యం: రాత్రి. సరుకు దించే యార్డు. ఆగి ఉన్న ట్రక్కు ఇంజన్ నడుస్తోంది. ఎదురుగా పెట్టెలు లెక్కపెడుతున్న మనిషి వెలుగు తట్టుకోలేక కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.]

బండి కదలట్లేదు. ఎదురుగా మనుషులు పనిచేస్తున్నారు. డ్రైవర్ హెడ్‌లైట్లు ఆర్పేద్దామనుకున్నాడు, నాబ్ ఎటు తిప్పినా ఆరట్లేదు. చీకటి పడిందని సెన్సర్ చెబితే బండి వింది. డ్రైవర్ చెబితే వినట్లేదు.

వాటంతటవే వెలిగి ఆరే ఆటో హెడ్‌లైట్లున్న ఇలాంటి బండిలో లైట్ల మీద పెత్తనం మళ్లీ డ్రైవర్ చేతికి ఎలా తెచ్చుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. నా మాట మాత్రం ముందే చెప్పేస్తాను. ఆటో పద్ధతిని పీకి పారెయ్యకూడదు. కావలసినప్పుడు దాని మీద మన మాట చెల్లాలి, అదీ ఆ ఒక్కసారికే. తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే బండి దానంతటదే ఆటోలోకి వచ్చెయ్యాలి. ఎందుకంటే, లైట్లు ఆర్పిన సంగతి మర్చిపోయి రోడ్డెక్కిన బరువు బండి కంటే పెద్ద ప్రమాదం ఇంకోటి లేదు.

[క్లోజప్: డాష్‌బోర్డు పైభాగం, ముందద్దం అంచు దగ్గర చిన్న నల్లటి బుడిపె.]

ఇదే సెన్సర్. శనగగింజ కంటే కాస్త పెద్దది. కొన్ని బండ్లలో ఇది డాష్‌బోర్డు మీద కాకుండా లోపలి అద్దం వెనక ఉంటుంది. మీద పడే వెలుగును బట్టి దీని సిగ్నల్ మారుతుంది. ఆ సిగ్నల్‌ని బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్ చదివి, లైట్లు వెయ్యాలా ఆర్పాలా అని తేలుస్తుంది. కొత్త బండ్లలో నాబ్ నుంచి బల్బుకి కరెంటు నేరుగా వెళ్లదు. నాబ్ తిప్పితే కంప్యూటర్‌కి ఒక విన్నపం అందుతుందంతే. మన్నించాలా వద్దా అన్నది దాని ప్రోగ్రామ్‌ని బట్టి ఉంటుంది. నాబ్ ఆఫ్‌లో ఉన్నా లైట్లు వెలుగుతూ ఉండటానికి కారణం ఇదే.

[దృశ్యం: పగలు. నాబ్ ఆటోలో ఉంది. ఒక చెయ్యి సెన్సర్‌ని కప్పుతోంది. ఎదుటి గోడ మీద వెలుగు పడుతుంది. చెయ్యి తీసినా వెలుగు అలాగే ఉంటుంది.]

చూశారా, కప్పగానే వెలిగాయి, తీశాక మాత్రం వెంటనే ఆరలేదు. ఇందులో లోపమేమీ లేదు, కావాలనే అలా పెట్టారు. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 48వ వాహన నిబంధన ప్రకారం, ఆటో లైట్లున్న బండిలో బయటి వెలుగు 1000 లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) కంటే తగ్గితే 2 సెకన్లలోపు లో బీమ్ వెలగాలి. 7000 లక్స్ దాటితే ఆరాలి, కానీ 5 సెకన్లు గడిచాక, 300 సెకన్లలోపు. రెండింటి మధ్య ఏం చెయ్యాలన్నది తయారీదారు ఇష్టం. చెట్ల నీడల్లోంచి పోతున్నప్పుడు లైట్లు టపటపా కొట్టుకోకుండా ఉండటానికే ఈ జాగు.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. పగలు ముందు వెలిగేవి ఆటో హెడ్‌లైట్లే కానక్కర్లేదు. పగటి లైట్లని వేరే ఏర్పాటు ఉంది, డీఆర్‌ఎల్ అంటారు. కెనడాలో 1989 డిసెంబర్ 1 నుంచి తయారైన బండ్లకి ఇవి తప్పనిసరి. యూరోపియన్ యూనియన్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త రకం కార్లకి, చిన్న వ్యాన్లకి, 2012 ఆగస్టు నుంచి లారీలకి, బస్సులకి తప్పనిసరి చేశారు. అలాంటి చోట వీటిని శాశ్వతంగా తీసేస్తే చట్టానికి చిక్కుతారు. కాబట్టి పనిముట్లు ముట్టుకునే ముందు బండి దిగి వెనక్కి వెళ్లి చూడండి. టెయిల్ లైట్లు కూడా వెలుగుతుంటే అవి ఆటో హెడ్‌లైట్లు. ముందు వెలుగు ఉండి వెనక చీకటిగా ఉంటే దాదాపుగా అవి పగటి లైట్లే. ఈ రెండిటికీ మందు వేరు.

[దృశ్యం: తెల్లటి పొగమంచు. ముందు వెళ్తున్న ట్రక్కు వెనక భాగం మసకగా, లైట్లు లేకుండా.]

ఆర్పడం గురించే మాట్లాడుతున్నాం కానీ, నన్నడిగితే చేతి పెత్తనం అసలు అవసరమయ్యేది వెయ్యడానికి. పట్టపగలు పొగమంచు కమ్మితే ఆకాశం తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. సెన్సర్‌కి అది మంచి వెలుగే. వెలుగు ఎంతుందో కొలవగలదు గానీ, ఎంత దూరం కనిపిస్తోందో దానికి తెలియదు. ముందు పగటి లైట్లు వెలుగుతుంటాయి, మీటర్లు వెలుగుతుంటాయి, డ్రైవర్ అన్నీ ఉన్నాయనుకుంటాడు. వెనక వచ్చేవాడికి మాత్రం ఒక బూడిదరంగు గోడ తప్ప ఏమీ కనపడదు. పొగమంచు, జడివాన, దుమ్ము, ఈ మూడింట్లో ఏది కనిపించినా నాబ్‌ని చేత్తో లో బీమ్‌కి తిప్పండి. వైపర్లు వేస్తే లైట్లు కూడా వెలిగే బండ్లు ఉన్నాయి. మీ బండి ఆ రకమో కాదో ముందే పరీక్షించి పెట్టుకోండి.

సరే, ఇప్పుడు ఆర్పడానికి వద్దాం.

[క్లోజప్: లైట్ల నాబ్. వేళ్లు దాన్ని ఆఫ్ వైపు తిప్పి వదులుతాయి. నాబ్ స్ప్రింగ్‌తో వెనక్కి వస్తుంది.]

బండితో వచ్చిన పుస్తకం తెరవండి. నేను చూసిన ఫిర్యాదుల్లో సగానికి పైగా అక్కడే తేలిపోయేవి. జనరల్ మోటార్స్ పికప్‌లు చాలావాటిలో ఆఫ్ అన్న స్థానంలో నాబ్ నిలబడదు, తిప్పి వదిలితే వెనక్కి వస్తుంది. అలా ఒకసారి తిప్పి వదిలితే ఆటో ఆగుతుంది, ఇంకోసారి తిప్పితే తిరిగొస్తుంది. తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆటో దానంతటదే మొదలవుతుంది. నేను మొదట్లో చెప్పినదానికి ఇది సరిగ్గా సరిపోయే ఏర్పాటు. ఇంకొన్ని బండ్లలో స్టార్ట్ చేసే ముందే హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంచితే, అది దించేదాకా పగటి లైట్లు వెలగవు. గేరు పార్క్‌లో ఉంటేనే ఆర్పనిచ్చే బండ్లూ ఉన్నాయి. హై బీమ్ దానంతటదే మారుతుంటే అది వేరే సంగతి. దాన్ని నడిపేది ముందద్దం వెనక ఉన్న కెమెరా, దానికి విడిగా బటన్ ఉంటుంది.

తర్వాత తెర మీది మెనూ. సెన్సర్ సున్నితత్వం, బండి ఆపాక లైట్లు ఎంతసేపు వెలగాలి లాంటివి అక్కడ దొరుకుతాయి. సాయంత్రం మరీ తొందరగా వెలుగుతున్నాయి అన్నదే మీ బాధ అయితే సున్నితత్వం ఒక మెట్టు తగ్గిస్తే చాలు.

మెనూలో లేనివి కంప్యూటర్ లోపల ఉండొచ్చు. ఫోర్డ్ బండ్లకి ఫోర్‌స్కాన్, రామ్ బండ్లకి ఆల్ఫాఓబీడీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. బండి కంప్యూటర్‌తో మాట్లాడటానికి స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి అడాప్టర్ పెట్టి, పగటి లైట్ల సెట్టింగులు మార్చొచ్చు. ముట్టుకునే ముందు ఉన్న విలువలన్నీ ఫైల్‌గా దాచుకోండి. కొత్త సెట్టింగులు మాడ్యూల్‌లోకి రాసే మధ్యలో బ్యాటరీ పడిపోతే మాడ్యూల్ మొరాయించే ప్రమాదం ఉంది కాబట్టి చార్జర్ తగిలించి ఉంచండి.

సెన్సర్ మీద చిన్న ఎల్‌ఈడీ పెట్టి పగలని నమ్మించే కిటుకు కూడా ఒకటి తిరుగుతోంది. పనిచేస్తుంది, నిజమే. అయినా నేను వద్దంటాను. చాలా బండ్లలో అదే బుడిపెలో ఏసీకి ఎండ తీవ్రత చెప్పే సెన్సర్ కూడా ఉంటుంది. మీటర్ల వెలుగు కూడా దాన్ని బట్టే తగ్గుతుంది. పైగా ఆ ఎల్‌ఈడీ వెలుగుతున్నంతసేపూ చీకట్లో కూడా ఆటో నిద్రపోతుంది.

[దృశ్యం: బానెట్ కింద ఫ్యూజ్ బాక్స్ మూత తీస్తున్నారు. హెడ్‌లైట్ రిలే మీద వెలుగు.]

ఇక వైరింగ్. హెడ్‌లైట్లకి విడిగా రిలే ఉన్న బండికే ఈ దారి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే, విడదీసే స్విచ్. రిలే లేకుండా మాడ్యూలే నేరుగా బల్బుకి కరెంటు ఇచ్చే బండ్లలోనూ, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు ఉన్నవాటిలోనూ వైరు కోస్తే బండి కంప్యూటర్‌లో ఫాల్ట్ కోడ్లు, అంటే లోపాల హెచ్చరికలు వచ్చి పడతాయి. అక్కడ సాఫ్ట్‌వేర్ దారే దారి.

బల్బుకి వెళ్లే లావు వైరుకి అడ్డంగా స్విచ్ పెట్టొద్దు. 12 వోల్టుల బండిలో 55 వాట్ల బల్బు ఒక్కోటి నాలుగున్నర ఆంపియర్లకు పైగా లాగుతుంది, రెండూ కలిస్తే తొమ్మిది దాటుతుంది. అంత కరెంటుకి చిన్న స్విచ్ వేడెక్కి కరిగిపోతుంది. 24 వోల్టుల పెద్ద లారీలో 70 వాట్ల బల్బు సుమారు మూడు ఆంపియర్లే లాగుతుంది, అయినా ఆ వైరు జోలికి వద్దు. రిలేని నడిపే తీగచుట్టకి, అంటే కాయిల్‌కి మాత్రం 12 వోల్టుల దగ్గర 150, 200 మిల్లీ ఆంపియర్లు చాలు. మన పని అటువైపే.

[క్లోజప్: రిలే కింది కాళ్లు. 30, 85, 86, 87 అంకెలు.]

చాలా రిలేల మీద ఈ అంకెలు ఉంటాయి. 30 బ్యాటరీ వైపు, 87 బల్బు వైపు. 85, 86 కాయిల్ కాళ్లు. రిలే పీకి, తాళం ఆన్ చేసి, సాకెట్‌లో 85, 86 మధ్య మల్టీమీటర్ పెట్టండి. నాబ్ ఆటోలో ఉంచి, సెన్సర్‌ని ఇంకొకర్ని కప్పమనండి. వోల్టేజీ సున్నా నుంచి బ్యాటరీ వోల్టేజీకి ఎగబాకితే మాడ్యూల్ ఆజ్ఞ ఇచ్చే జంట అదే. ఈ రెండిట్లో కప్పినప్పుడు మాత్రమే మారే కాలు ఏదో, విడిగా ఒక్కోదాన్నీ బాడీ ఎర్త్‌తోనూ, బ్యాటరీ ప్లస్‌తోనూ కొలిచి తేల్చుకోండి. మనం అడ్డం పడాల్సింది ఆ కాలికి వచ్చే వైరుకే.

ఆ వైరుని రెండు జతల కాంటాక్టులున్న ఇంకో చిన్న రిలే గుండా పోనిద్దాం. మొదటి జతలో, కాయిల్‌కి కరెంటు లేనప్పుడు కలిసి ఉండే కాళ్లని వాడాలి, 30, 87ఏ అంటారు. ఈ పని మొత్తానికి గుండెకాయ ఇదే. మన స్విచ్ చెడిపోయినా, ఫ్యూజ్ పోయినా, వైరు తెగినా ఆ కాంటాక్టు కలిసే ఉంటుంది, బండి ఫ్యాక్టరీలో చేసినట్టే లైట్లు వేస్తుంది. తిరగేసి కడితే, ఒక వదులు వైరు వల్ల నడిరోడ్డు మీద లైట్లు ఆరిపోతాయి.

రెండో జతతో ఆ రిలే తన కాయిల్‌ని తానే పట్టి ఉంచుకునేలా కట్టండి. అప్పుడు నొక్కి వదిలే బటన్ ఒకటి సరిపోతుంది. నొక్కితే రిలే పట్టుకుంటుంది, లైట్లు ఆరతాయి. వరసలో, మామూలుగా కలిసి ఉండే ఇంకో బటన్ పెడితే, అది నొక్కినప్పుడు రిలే వదిలేస్తుంది, లైట్లు తిరిగొస్తాయి. ఈ సర్క్యూట్‌కి కరెంటు తాళం ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే వచ్చే చోటి నుంచి, చిన్న ఫ్యూజ్ గుండా ఇవ్వండి. తాళం తీస్తే రిలే వదిలేస్తుంది, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు ఆటో సిద్ధంగా ఉంటుంది. పైకీ కిందికీ నిలిచిపోయే టాగుల్ స్విచ్ పెడితే పని తేలికే గానీ, అది ఆఫ్‌లో మర్చిపోయే స్విచ్. కొత్త రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ వెయ్యండి. కాయిల్ వదిలినప్పుడు లేచే వోల్టేజీ బండి ఎలక్ట్రానిక్స్ వైపు పోకుండా అది ఆపుతుంది. 24 వోల్టుల లారీకి 24 వోల్టుల రిలేనే కొనాలి.

బటన్ పక్కన ఎర్రటి చిన్న దీపం కూడా పెట్టండి. లైట్లు మనం ఆర్పి ఉంచామని కళ్లముందే కనిపిస్తుండాలి.

[దృశ్యం: రాత్రి. ట్రక్కు గోడకి ఎదురుగా. ఒక్కో పరీక్ష జరుగుతుంటే గోడ మీద వెలుగు మారుతుంది.]

బిగించాక రోడ్డెక్కకముందే గోడ ముందు పరీక్షించాలి. లో బీమ్, హై బీమ్, ఫ్లాష్, ఒక్కోటి వేసి చూడండి. వెనక ఇంకొకర్ని నిలబెట్టి టెయిల్ లైట్లు, నంబర్ ప్లేటు దీపం, బ్రేకు లైట్లు అడగండి. బటన్ నొక్కి ఆర్పండి, రెండో బటన్‌తో వెలిగించండి. మళ్లీ ఆర్పి, ఈసారి మన ఫ్యూజ్ పీకండి. లైట్లు వెంటనే వెలగాలి. వెలగకపోతే కాంటాక్టులు తిరగబడ్డాయని అర్థం, బండి కదలనివ్వద్దు. ఆఖర్న ఆర్పి ఉంచే తాళం తీసి, స్టార్ట్ చేసి, సెన్సర్ మీద చెయ్యి పెట్టి చూడండి.