డీఏపీ వేస్తున్నా మిరప చిగురు ఎందుకు పాలిపోతోంది? – గుంటూరు ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ పూట నేల గురించి మాట్లాడుకుందాం. భూసార శాస్త్రవేత్త మేడం స్టూడియోలోనే ఉన్నారు. మొదటి కాల్ ప్రత్తిపాడు నుంచి. చెప్పండి.

రైతు: నమస్తే మేడం. రెండెకరాల మిరప, నల్లరేగడి. చిగుళ్లు పసుప్పచ్చగా పాలిపోతున్నాయి. డీఏపీ ఎరువు రెండుసార్లు వేశా, ఏం తేడా లేదు.

శాస్త్రవేత్త: ఒక లేతాకు తెంపి వెలుతురుకి ఎత్తి చూడండి. ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం తెల్లబోయిందా?

రైతు: అవునండి, వల గీసినట్టుంది. అడుగాకులు మాత్రం బానే ఉన్నాయి.

శాస్త్రవేత్త: అయితే నత్రజని లోపం కాదు. నత్రజని చాలకపోతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకిస్తుంది, అడుగాకులే ముందు పండుతాయి. ఇనుము అలా కదలదు, అందుకే దాని లోపం చిగురులో బయటపడుతుంది. మీ భూమిలో ఇనుము లేక కాదండీ. సున్నం ఎక్కువున్న నేలలో పీహెచ్, అంటే నేల పులుపు-క్షారం కొలత, 8 దాటితే ఇనుము కరగదు, వేరుకి అందదు. దాని మీద మీరు భాస్వరం గుమ్మరించారు. 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోలు భాస్వరమే. అది సున్నంతో బిగుసుకుపోతుంది, ఇనుముకీ జింకుకీ కూడా అడ్డం పడుతుంది.

రైతు: మరి ఇప్పుడేం చెయ్యాలి?

శాస్త్రవేత్త: చేలో నీళ్లు నిలిచుంటే ముందు కాలవ తీసి బయటికి పంపండి, నిలవనీరుకి ఇది ముదురుతుంది. లీటరు నీటికి 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), 5 గ్రాముల అన్నభేది, అంటే ఇనుముండే ఫెర్రస్ సల్ఫేట్, కలిపి సాయంత్రం పూట పిచికారీ చెయ్యండి. నిమ్మ ఉప్పు ముందు కరగాలి, లేకపోతే అన్నభేది తుప్పు రంగుకి తిరిగి పనికిరాదు. వారం తర్వాత ఇంకోసారి కొట్టండి.

రైతు: భూసార పరీక్ష కూడా చేయించా మేడం. పీహెచ్ 8.3, సేంద్రియ కర్బనం 1.2 శాతం. షాపాయన జిప్సం వెయ్యమన్నాడు.

శాస్త్రవేత్త: 1.2? మన మిరప చేలల్లో? 0.5 లోపుంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ అంటాం. మట్టి ఎక్కడ తీశారు?

రైతు: గట్టు పక్కనేనండి. పోయినేడు అక్కడ ఎరువు దిబ్బుండేది.

శాస్త్రవేత్త: అదీ సంగతి! ల్యాబు వాళ్లు చూసింది మీ దిబ్బని, పొలాన్ని కాదు. పంట తీశాక, ఎరువు వెయ్యకముందు మళ్లీ తియ్యండి. ఎకరాకి 8-10 చోట్ల, అటూ ఇటూ వంకరగా నడుస్తూ తియ్యాలి. గట్లు, చెట్ల నీడ, కాలవ పక్క వద్దు. పై చెత్త పక్కకి నెట్టి, 'వి' ఆకారంలో 6 అంగుళాల గుంట తీసి, ఒక వైపు గోడని పైనుంచి అడుగు దాకా అంగుళం మందాన చెక్కండి. పైమన్ను పిడికెడు తెస్తే లెక్క తప్పుతుంది. అంతా కలిపి గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురువి రెండు పారేస్తూ అరకిలో మిగల్చండి. నీడన ఆరబెట్టి గుడ్డ సంచిలో పొయ్యండి. యూరియా సంచి వద్దేవద్దు. జింకు, ఇనుము చూడాలంటే రేకు బకెట్, తుప్పు పార కూడా వాడకండి.

రైతు: మరి జిప్సం?

శాస్త్రవేత్త: అది సోడియం ఎక్కువైన కారుచౌడుకి మందు. మీ 8.3 సున్నం వల్ల వచ్చింది అయ్యుంటుంది. జిప్సంతో సున్నం పోదు, డబ్బులు పోతాయి. వానయ్యాక నీళ్లు బురదగా పైనే నిలిచి, ఆరాక పెచ్చు కడితే చౌడని అనుమానించండి. అప్పుడు కూడా మోతాదు ల్యాబే చెప్పాలి.

వ్యాఖ్యాత: విజయవాడ నుంచి ఒకమ్మ లైన్లో ఉన్నారు.

కాలర్: మేడం, మేడ మీద కుండీల్లో నల్లమట్టి వేశాను. నీళ్లు పోసిన వెంటనే అడుగునుంచి కారిపోతున్నాయి, మొక్కలేమో వాడిపోతున్నాయి.

శాస్త్రవేత్త: కుండీ గోడకీ మట్టికీ మధ్య వేలు దూరేంత సందుంది కదూ?

కాలర్: అవునండీ!

శాస్త్రవేత్త: చేలో నెర్రెలు పడేదీ ఇందుకే. నల్లమట్టిలో బంక రేణువులు తడికి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. మీరు పోసే నీళ్లు ఆ సందులోంచే జారిపోతున్నాయి. కుండీని టబ్బు నీళ్లలో పెట్టి, బుడగలు ఆగాక తియ్యండి. మట్టి మార్చేటప్పుడు ఈ మట్టి ఒక వంతు, మాగిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలపండి. పొట్టులో ఉప్పుంటుంది, రెండు మూడుసార్లు కడగాలి.

కాలర్: గుప్పెడు ఇసుక కలిపితే సరిపోదాండీ?

శాస్త్రవేత్త: సరిపోదమ్మా. ఇసుక సందుల్ని కూడా బంకే నింపేస్తుంది. కలిపితే సగానికి సగం కలపాలి, అంత బరువు మీ మేడ మీదికి ఎందుకు?